కేస్‌షీట్‌లో మొదటి మాట

అందరికీ నమస్కారం. డాక్టరు పొరపడ్డాడంటే చదువు చాలకనో, శ్రద్ధ లేకనో అనుకుంటాం. ఆ రెండూ ఉన్నవాళ్లు ఎలా పొరపడతారో ఇవాళ మాట్లాడుకుందాం.

గుండెపోటుతో చేరిన పెద్దవాళ్ల రికార్డులు చూసి అమెరికాలో 2020లో ఒక అధ్యయనం వెలువడింది. 80వ పుట్టినరోజుకి ముందు రెండు వారాల్లో చేరినవాళ్లలో 7 శాతం మందికి బైపాస్ చేశారు. పుట్టినరోజు దాటిన రెండు వారాల్లో చేరినవాళ్లలో 5.3 శాతానికే. ఆ కాస్త రోజుల్లో గుండె ఏం మారిపోతుంది? మారింది కేస్‌షీట్‌లో అంకె. 999 రూపాయల చెప్పులు చవగ్గా కనిపించినట్టే, 79 ఏళ్లాయన ఇంకా డెబ్బైల్లోనే ఉన్నట్టు కనిపిస్తాడు. పుట్టినరోజు చూసి ఆపరేషన్ మానేశామని ఆ డాక్టర్లలో ఎవరైనా ఒప్పుకుంటారని నేననుకోను. అబద్ధమాడి కాదు, వాళ్లకే తెలియక.

ఇక మన ఓపీ. వానాకాలం, డెంగీ సీజన్. జ్వరం, తలనొప్పి, ఒళ్లునొప్పులు, ప్లేట్‌లెట్లు తగ్గాయి. పొద్దున్నుంచి వచ్చినవాళ్లందరిదీ అదే కథ కాబట్టి ఇప్పుడొచ్చినాయనదీ డెంగీయే. కానీ పురుగు కాటుతో వచ్చే స్క్రబ్ టైఫస్ అనే జ్వరం కూడా అచ్చం ఇలాగే వస్తుంది. కంటికి ఆనని పురుగు కుట్టిన చోట, సిగరెట్‌తో కాల్చినట్టు నల్లటి పెచ్చు కడుతుంది. నొప్పి ఉండదు, దురద ఉండదు, అందుకని రోగి చెప్పడు. చంకలోనో గజ్జల్లోనో రొమ్ము కిందో వెతకాలి. అందరికీ ఉండదు కూడా. గుర్తుపడితే డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్‌తో చాలామందికి రెండు రోజుల్లో జ్వరం దిగుతుంది. కానీ చీటీ మీద ‘డెంగీ’ అని రాసేశాక చొక్కా విప్పించేదెవరు?

షుగరున్న ఆవిడ ఆయాసం, వాంతులు, చెమటలు అంటే ‘రాత్రి ఏం తిన్నావమ్మా’ అంటాం. అక్కడ మొదటి మాట గ్యాస్. అది గుండెపోటు కావచ్చన్న సంగతి తట్టదు.

అలాగని, మొదట తట్టినదాన్నే పట్టుకుని తేల్చేసే ఈ అడ్డదారులు లేకుండా క్యాజువాల్టీ ఒక్క గంట నడవదు. మనుషులు నిర్ణయాలెలా తీసుకుంటారో పరిశోధించిన మనస్తత్వ శాస్త్రవేత్తలు ట్వెర్‌స్కీ, కానెమన్ 1974లో రాసిందీ అదే: ఇవి మామూలుగా పనికొస్తాయి, అప్పుడప్పుడు గట్టిగా దెబ్బతీస్తాయి. తెలుసుకున్నంత మాత్రాన అలవాటు పోదు. అందుకే ఛాతీనొప్పితో వచ్చినవాళ్లకి పది నిమిషాల్లో ఈసీజీ తీయాలన్న నియమం నాకు ఇష్టం. ఆడా మగా, కూలీయా ఆఫీసరా అని అది అడగదు. డ్యూటీ మారేటప్పుడు ‘ఆరో బెడ్ డెంగీ’ అనకండి. ‘నాలుగు రోజుల జ్వరం, డెంగీ అనుకుంటున్నాం, రిపోర్టు రాలేదు’ అనండి.

ఇక ప్రశ్నలు. ముందు సిస్టర్లు అడగండి. రోగి పక్కన ఎక్కువసేపు ఉండేది మీరే, మిమ్మల్ని మేం అడిగేది తక్కువ.