బ్యాచ్‌లో పనంతా ఒక్కరి మీదే పడుతుంటే

[తెర మీద: వాట్సాప్ గ్రూపు. రాత్రి 11 గంటలు. రేపే రివ్యూ.]

బీటెక్ ఫైనలియర్ ప్రాజెక్ట్. బ్యాచ్‌లో నలుగురు. కోడ్ ఒక్కరే రాశారు, డాక్యుమెంటేషనూ వాళ్లే. మార్కులు మాత్రం నలుగురికీ.

దీన్ని బద్ధకం అని వదిలేయకండి. ఫ్రాన్స్‌లో మాక్స్ రింగెల్‌మన్ అనే వ్యవసాయ ఇంజినీరు మనుషులతో తాడు లాగించి, ఆ లెక్కలు 1913లో ప్రచురించాడు. ఎనిమిది మంది కలిసి లాగితే ఒక్కొక్కరి బలం దాదాపు సగమే పడింది. 1981లో అమెరికాలో కేకలతో చేసిన ప్రయోగాల్లో ఇంకో సంగతి తేలింది: ఎవరి కేక ఎంత పెద్దదో విడిగా తెలుస్తుందని అనుకున్నప్పుడు, గుంపులో ఉన్నా ఎవరూ గొంతు తగ్గించలేదు.

అంటే ఎవరి పని వాళ్ల పేరు మీద కనబడాలి. "అందరం కలిసి చేద్దాం" అనుకున్న రోజే గొడవ మొదలైనట్టు. "ఫ్రంటెండ్ నీది" అన్నా చాలదు. "లాగిన్ పేజీ, తప్పు పాస్‌వర్డ్ కొడితే మెసేజ్ రావాలి, శుక్రవారం సాయంత్రానికి" అని పేరు పక్కన రాయండి. మొదటి పని వారంలో అయ్యేంత చిన్నదిగా ఉండాలి. ఎవరు ఆగిపోయారో అప్పుడే తెలుస్తుంది.

[తెర మీద: గూగుల్ డాక్స్‌లో వెర్షన్ హిస్టరీ]

రిపోర్ట్ గూగుల్ డాక్స్‌లో రాస్తే, ఫైల్ మెనూలో వెర్షన్ హిస్టరీ తెరవండి. ఎవరి మార్పులు వాళ్ల రంగులో ఉంటాయి. ఇక్కడే చాలామంది దెబ్బతింటారు: అందరూ వాట్సాప్‌లో పంపింది ఒకరే పేస్ట్ చేస్తే, రాసిందంతా ఆ ఒక్కరే అన్నట్టు చూపిస్తుంది. కోడ్ దాచుకునే గిట్‌హబ్‌లోనూ అంతే, ఒకే ల్యాప్‌టాప్‌లో ఒకే అకౌంట్‌తో కమిట్ చేస్తే, అంటే మార్పులు నమోదు చేస్తే, మిగతావాళ్ల కష్టం కనిపించదు.

గడువు దాటితే గ్రూపులో అందరి ముందూ అడగొద్దు. విడిగా అడగండి: "రేయ్, లాగిన్ పేజీ ఎక్కడ ఆగిందిరా? రేపు ల్యాబ్‌లో అరగంట కూర్చుందామా?" చాలాసార్లు జవాబు "నాకు పైథాన్ రాదురా" అనే వస్తుంది. చెప్పడానికి మొహమాటపడి తప్పించుకు తిరుగుతుంటారు. టాపర్లూ ఒకటి గమనించాలి: "నువ్వు వదిలెయ్, నేను చూసుకుంటా" అని పని లాక్కుని, పీపీటీ మాత్రం వాళ్లకు వదిలితే, ఆ దూరం మీరు పెంచిందే.

రెండు గడువులు దాటాయా? రివ్యూ అయ్యాక కాదు, ముందే గైడ్ దగ్గరికి వెళ్లండి. "వాడేం చేయట్లేదు సార్" అంటే ఆయన చేయగలిగిందేమీ ఉండదు. పని, ఒప్పుకున్న తేదీ, ఇప్పుడున్న పరిస్థితి ఉన్న కాగితం పెట్టి, "ఈ మాడ్యూల్ రివ్యూలో అతన్నే విడిగా అడగండి సార్" అనండి. ఆ సంగతి అతనికి కనీసం వారం ముందు మీరే చెప్పండి.