హామ్‌ట్రామ్క్ డెట్రాయిట్ కాదు వదినా

వదిన: అందరికీ నమస్కారం. ఈ వారం మన పాడ్‌కాస్ట్ అంశం మొదటే చెప్పేస్తున్నాను, మధ్యలో ఎవరూ పక్కదారి పట్టించకుండా. అమెరికాలో రెండో అంచె ఫుట్‌బాల్ నడిపే యూఎస్‌ఎల్‌లో 2028 నుంచి గెలిచిన జట్లు పై లీగుకు ఎక్కడం, ఓడినవి కింది లీగుకు దిగడం మొదలవుతుందట. మన డెట్రాయిట్ సిటీ ఎఫ్‌సీకి దానివల్ల ఒరిగేది ఏమిటి, పోయేది ఏమిటి. అంతే. ఇక పోయినసారి మా మాటల్లో దొర్లిన అప్పడాల గురించి రాసిన శ్రోతలందరికీ ఒక దండం. దయచేసి మళ్లీ రాయకండి.

మరిది: ఒకాయన ఫోటో కూడా పంపాడు.

వదిన: దాని జోలికి వెళ్లవద్దు. సరే, అంశం. 2027లో డెట్రాయిట్‌లోని కార్క్‌టౌన్ పేటలో జట్టుకు కొత్త స్టేడియం అంటున్నారు. అంటే పై లీగుకు ఎక్కే యోగం పట్టినా ఆ సంబరం మన ఊళ్లో జరగదన్నమాట.

మరిది: ఏ ఊళ్లో?

వదిన: హామ్‌ట్రామ్క్‌లో.

మరిది: హామ్‌ట్రామ్క్ డెట్రాయిట్ కాదు వదినా.

వదిన: మొదలుపెట్టావా!

మరిది: ఉన్న మాటే. చుట్టూ డెట్రాయిట్ ఉంటుంది, కానీ అది వేరే ఊరు. దాని మేయర్ వేరు, దాని పోలీసులు వేరు. మొత్తం కలిపితే రెండు చదరపు మైళ్లు. మన జట్టు చిహ్నం మీద ఉన్న బొమ్మ ఏది? డెట్రాయిట్ నడిబొడ్డున కూర్చున్న ఆ పెద్ద కంచు విగ్రహం. ‘లె రూజ్’ అని పిలుచుకుంటున్నాం, ఆ రూజ్ నది హామ్‌ట్రామ్క్‌లో పారుతుందా?

వదిన: పారదు. మీ అన్నయ్య ఆ నది ఒడ్డునే ఫోర్డు కర్మాగారంలో పని చేశాడు, నాకు పాఠం చెప్పకు. నది ఎక్కడిదైతే ఏమిటి, ఆట ఎక్కడ? 2016 నుంచి హామ్‌ట్రామ్క్‌లోని కీవర్త్ స్టేడియంలో. దానికి ముందు ఆ స్టేడియం ఎలా ఉండేదో చూశావు కదా.

మరిది: చూశాను. మెట్ల మధ్య చెట్లు మొలిచి ఉండేవి.

వదిన: అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ కాలంలో ప్రభుత్వం పని చూపించి, కూలి ఇచ్చి కట్టించిన స్టేడియం అది. 1936 అక్టోబర్‌లో ఆయనే వచ్చి ప్రారంభించాడు. ఆ తర్వాత దానికి పట్టిన గతి ఆ ఊరికి పట్టిన గతే. డాడ్జ్ కంపెనీ పెద్ద కర్మాగారం 1980లో మూతపడింది, ఊరి ఖజానా ఎండిపోయింది. దాన్ని బాగుచేయడానికి ఏ కోటీశ్వరుడూ రాలేదు. క్లబ్బు జనం దగ్గరికి వెళ్లింది. 7,41,250 డాలర్లు పోగయ్యాయి. ఇచ్చినవాళ్లు మామూలు మనుషులు. మీ అన్నయ్య కూడా ఇచ్చాడు. ఆ మెట్ల మీద కూర్చుంటే నాకు మా ఇంటి అరుగు మీద కూర్చున్నట్టే ఉంటుంది.

మరిది: అన్నయ్య ఇచ్చింది అప్పు. అప్పిచ్చినవాడికి ఇల్లు రాదు వదినా.

వదిన: (నవ్వుతూ) విన్నారా? ఇది మరిది మాట్లాడవలసిన మాటేనా?

మరిది: అన్నయ్య అక్కడ నవ్వుతున్నాడు, రికార్డింగ్ కదులుతోంది. అప్పు వేరు, వాటా వేరు. 2020లో, కోవిడ్ ఏడాదిలో, క్లబ్బులో పదో వంతు అభిమానులకే అమ్మారు. 10 లక్షల డాలర్లకు పైగా వచ్చింది. అందులో నాది ఉంది. అప్పుడు మీరు కొనలేదు.

వదిన: యజమాని గారూ, మీకు ఒక మైక్ సరిపోతుందా, ఇంకొకటి తెప్పించనా?

మరిది: నేను చెప్పేది వినండి. ఈ క్లబ్బు పుట్టింది ఎక్కడ? 2010లో డెట్రాయిట్ పేటల మధ్య సరదాగా ఒక లీగు పెట్టారు. ఆడవాళ్లూ మగవాళ్లూ కలిసి ఆడేవాళ్లు, ఒక్కో పేటకు ఒక్కో జట్టు. అందులోంచి అయిదుగురు కలిసి 2012లో ఈ క్లబ్బు పెట్టారు. మొదటి నాలుగేళ్లు కాస్ టెక్ స్కూలు మైదానంలో ఆడారు, అది పక్కా డెట్రాయిట్. జనం పట్టక హామ్‌ట్రామ్క్ వెళ్లారు. ఇప్పుడు కార్క్‌టౌన్‌కు వస్తున్నారంటే ఇల్లు వదిలి పోవడం ఎలా అవుతుంది? తిరిగి రావడం అవుతుంది.

వదిన: పేటల మధ్య లీగు అన్నావు చూడు, అదే నా మాట కూడా. ఆట పేటది.

మరిది: అవును. హైదరాబాద్‌లో కూడా అలాగే కదా. సిటీ పోలీస్ జట్టును తీసుకోండి...

వదిన: హైదరాబాద్ పాత కబుర్లు ఎత్తావు, జరిమానా డబ్బాలో డాలర్ వేయి.

మరిది: ఇది సందర్భమే వదినా! కోచ్ రహీం సాబ్ ఆ జట్టును తయారు చేసినప్పుడు...

వదిన: డాలర్.

మరిది: వేస్తున్నాను. (నాణేల చప్పుడు) 1950 నుంచి వరసగా అయిదేళ్లు రోవర్స్ కప్పు. అయిదేళ్లు! బొంబాయి వెళ్లి గెలుచుకుని వచ్చేవాళ్లు. ఆ జట్టు వెనుక ఏ పెట్టుబడీ లేదు. పోలీసు ఉద్యోగాలు, సాయంత్రం సాధన, రహీం సాబ్ బుర్ర. ఊరి జట్టంటే అదీ.

వదిన: పోలీసు శాఖ పెట్టుబడి కాదా? జీతాలు ఎవరిచ్చారు? సరే, ఒప్పుకున్నాను, గొప్ప జట్టు. ఇప్పుడు నా ప్రశ్నకు జవాబు చెప్పు. కీవర్త్ చుట్టుపక్కల ఎవరుంటారు? ఒకప్పుడు పోలండ్ నుంచి వచ్చినవాళ్లు. ఇప్పుడు యెమెన్ వాళ్లు, బంగ్లాదేశ్ వాళ్లు. కోనాంట్ వీధిలో నడుస్తుంటే మన వైపు బజారులో నడిచినట్టు బెండకాయలు, చేపలు, ఎండు మిర్చి. అటు తిరిగితే పోలిష్ బేకరీలో పూంచ్కీలు, అదే, జామ్ నింపిన డోనట్లు. 2015లో ముస్లింలే ఎక్కువమంది ఉన్న మున్సిపల్ కౌన్సిల్ ఎన్నికైతే దేశమంతా అదేదో వింతలా వార్తలు రాసింది. అక్కడివాళ్లు మాత్రం మామూలుగా చెత్తబండి ఎప్పుడొస్తుందని అడిగారు. ఆట రోజున ఇళ్ల ముందు పార్కింగ్‌కు జాగా ఇచ్చి డబ్బు తీసుకునే పిల్లలు లేకపోతే నాకు ఆట మొదలైనట్టే ఉండదు.

మరిది: ఆ పిల్లల్లో ఎంతమంది లోపలికి వచ్చి ఆట చూస్తారు?

వదిన: ...

మరిది: అడుగుతున్నాను. మన వీరాభిమానుల గుంపు నార్తర్న్ గార్డ్ వైపు చూడండి. పుర్రె బొమ్మల జెండాలు, డప్పులు, ఎర్ర పొగ, మనం ఇక్కడ చెప్పలేని పాటలు. నాకు వాళ్లంటే ప్రాణం. కానీ అందులో ఎక్కువమంది కార్లలో వచ్చి కార్లలో పోయేవాళ్లే. మనం కూడా. మీరు నోవైలో ఉంటారు, నేను ట్రాయ్‌లో ఉంటాను. ఆట అయిపోగానే హైవే ఎక్కుతాం. హామ్‌ట్రామ్క్ ‘మన ఊరు’ అనడానికి మనం అక్కడ పన్ను కట్టామా?

వదిన: ఇది కాస్త గట్టిగానే తగిలింది.

మరిది: తగలాలని అనలేదు.

వదిన: లేదు, తగలనీ. కానీ అదే లెక్కన నోవైలో నాకేముంది? ఇల్లు, గరాజు, తానా సభల నాడు మూడు రోజుల కోలాహలం. నోవై పేరు మీద నేను ఎప్పుడైనా గొంతు పోయేలా అరిచానా? పన్ను కట్టిన ఊరు ఒకటి, అరిచిన ఊరు ఒకటి. నాకు రెండోదే లెక్క. 2022 ఏప్రిల్ గుర్తుందా?

మరిది: కొలంబస్ క్రూ!

వదిన: ఓపెన్ కప్, అన్ని లీగుల జట్లూ తలపడే పోటీ. పై లీగు ఎంఎల్‌ఎస్‌లో రెండేళ్ల కిందట విజేతలు వాళ్లు. కీవర్త్‌లో 2–1తో ఓడించి పంపాం. గడ్డకట్టే చలి. మీ అన్నయ్య అపరిచితుడెవరినో కౌగిలించుకుని ఏడ్చాడు.

మరిది: ఏడవలేదంటున్నాడు.

వదిన: ఏడ్చాడు. ఆ కొలంబస్ కథ కూడా ఆలోచించు. 2017లో వాళ్ల యజమాని జట్టును ఎత్తుకుని ఆస్టిన్ పోతానన్నాడు. ఊరు ఊరంతా లేచి నిలబడి ఆపింది, కొత్త యజమానులు వచ్చారు. అమెరికాలో క్లబ్బంటే ఎక్కడికైనా మోసుకుపోగల సామాను. అందుకే నాకు చోటు మారడం అనగానే గుండె దడ.

మరిది: హైదరాబాద్ ఎఫ్‌సీ.

వదిన: అవును.

మరిది: 2021–22లో ఇండియా లీగు ఐఎస్‌ఎల్ విజేత. గచ్చిబౌలిలో నేను చూశాను వాళ్ల ఆట. తర్వాత జీతాల గొడవలు, ఆటగాళ్లు ఒక్కొక్కరే జారుకోవడం, 2025లో ఢిల్లీకి పోవడం. పేరు కూడా మారిపోయింది. ఒక్క నిరసన ఊరేగింపు కూడా చూసిన గుర్తు లేదు. రహీం సాబ్ ఊరది వదినా. మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానానికి వెళ్లిన భారత జట్టుకు సగం కాళ్లిచ్చిన ఊరు.

వదిన: డబ్బా మూత తెరవను. ఇది లెక్కలోకి రాదు.

మరిది: (కాసేపటికి) అందుకే అంటున్నాను. ఊరు వదలడం అంటే అది. ఇది ఆరేడు మైళ్ల దూరం. అదీ డెట్రాయిట్ లోపలికి.

వదిన: ఆ స్థలం సంగతి మాట్లాడదాం అయితే. సౌత్‌వెస్ట్ డెట్రాయిట్ ఆసుపత్రి. 1970లలో నల్లజాతి డాక్టర్లకు మిగతా ఆసుపత్రులు తలుపులు తీయని కాలంలో వాళ్లే నిలబెట్టుకున్న ఆసుపత్రి. 2006 తర్వాత కిటికీలు పగిలి ఏళ్ల తరబడి ఖాళీగా పడి ఉండిపోయింది. అది కూల్చి స్టేడియం కడతామంటే నాకు కోపం రావడం లేదు, కూల్చక ఏం చేస్తారు. కానీ దాని పేరు ఏ గోడ మీదైనా ఉంటుందా లేదా?

మరిది: ఉండాలి. నేను కూడా యజమానినే కదా, అడుగుతాను.

వదిన: పదో వంతులో వెయ్యో వంతు.

మరిది: వాటా వాటానే! అయినా ఆ చుట్టుపక్కల అద్దెలు చూశారా? పాత రైల్వే స్టేషన్ మిషిగన్ సెంట్రల్‌ను ఫోర్డు బాగుచేసి 2024లో తెరిచాక కార్క్‌టౌన్‌లో ఒక గది అద్దెకు...

వదిన: ఇప్పుడు నువ్వే నా పక్షాన మాట్లాడుతున్నావు.

మరిది: లేదు, నా పక్షంలోనే ఉంటూ భయపడుతున్నాను. 15 వేల కుర్చీలు. కీవర్త్‌లో 8 వేల లోపు. నిండితే బాగుంటుంది, నిండకపోతే?

వదిన: అయ్యో, అంశం! మీ అన్నయ్య గడియారం చూపిస్తున్నాడు. గబగబా చెప్పు.

మరిది: గబగబా అంటే, ఎంఎల్‌ఎస్‌లో చేరాలంటే ఆడి గెలవనక్కర్లేదు, కొనాలి. శాన్ డియేగో వాళ్లు 2023లో 50 కోట్ల డాలర్లు కట్టి సీటు కొన్నారు. 2016లో ఇద్దరు కోటీశ్వరులు డెట్రాయిట్‌కు కూడా అలాంటి సీటు కావాలని బయలుదేరారు. సగం కట్టి ఆపేసిన జైలు స్థలంలో స్టేడియం అన్నారు, తర్వాత ఫోర్డ్ ఫీల్డ్ అన్నారు, చివరికి రాలేదు.

వదిన: వచ్చి ఉంటే మన జట్టు ఆరిపోయేది.

మరిది: బహుశా. అందుకే యూఎస్‌ఎల్ క్లబ్బులు 2025 మార్చిలో ఓటేసి ఎక్కడం, దిగడం పెట్టుకున్నాయి. పైన కొత్తగా ఒక లీగు, ఆడి గెలిస్తే అందులోకి. నాకు ఇష్టమే. కిందికి దిగాల్సి వస్తే కూడా ఇష్టమే.

వదిన: దిగిన రోజు చూస్తాను నీ ఇష్టం. సరే, శనివారం ఎవరి కారు?

మరిది: మీది. నాది సర్వీసుకు ఇచ్చాను.

వదిన: అయితే అయిదింటికల్లా మా ఇంటికి వచ్చేయి.

మరిది: అయిదింటికా? డప్పుల ఊరేగింపు దాటిపోతుంది. నాలుగున్నర.

వదిన: నాలుగున్నరకు వంట అవ్వదు.

మరిది: వంట ఎందుకు, కోనాంట్‌లో బిర్యానీ తిందాం.

వదిన: ఇప్పుడు గుర్తొచ్చిందా హామ్‌ట్రామ్క్?

మరిది: అన్నయ్యా, ఇది కత్తిరించు.