సరస్సులో సూర్యోదయం: పోలరైజర్ కొనాలా, గ్రాడ్ ఫిల్టర్ కొనాలా?

నమస్తే అండీ. సూర్యోదయం వేళ సరస్సులో ప్రతిబింబాల ఫోటోలు తీసేవాళ్లు ఎక్కువగా అడిగే ఫిల్టర్లు రెండు: నీటి మెరుపును తగ్గించే సర్క్యులర్ పోలరైజర్, పై సగం ముదురుగా, కింది సగం పారదర్శకంగా ఉండే రెండు స్టాపుల సాఫ్ట్ గ్రాడ్ (ఒక్కో స్టాపు వెలుగును సగానికి తగ్గిస్తుంది). ఈ రోజు రెండింటినీ ఒకే చోట పెట్టి చూద్దాం. నా తీర్పు ముందే చెప్పేస్తున్నాను. ఒక్కటే కొనగలిగితే గ్రాడ్ కొనండి.

ముందు ఈ రెండు ఫోటోలు చూడండి, ఏ ఫిల్టరూ లేకుండా తీసినవి. ఆకాశానికి సరిపడా ఎక్స్‌పోజర్ ఇస్తే నీళ్లు నల్లబడ్డాయి. నీళ్లకు సరిపడా ఇస్తే, ఇదిగో, సూర్యుడి చుట్టూ అంతా తెల్లగా కాలిపోయింది. నీటి మీద పడ్డ వెలుగులో కొంత లోపలికి పోతుంది కదా, అందుకే ప్రతిబింబం అసలు ఆకాశం కంటే ముదురుగానే ఉంటుంది. తేడా చాలాసార్లు ఒకటి రెండు స్టాపులు. గ్రాడ్ సరిగ్గా ఆ తేడానే పూడుస్తుంది. ఫిల్టర్ మీద 0.6 అని ఉంటే రెండు స్టాపులు, 0.9 అంటే మూడు. ఈ పనికి మూడు వద్దు. ఆకాశం కంటే నీళ్లు వెలుగ్గా కనిపిస్తే చూసేవాళ్లకు కారణం తెలియకపోయినా ఫోటో అబద్ధంలా అనిపిస్తుంది.

గ్రాడ్‌లో లోపం లేదా అంటే ఉంది. అవతలి ఒడ్డున ఎత్తైన చెట్లుంటే వాటి పై భాగం కూడా నల్లబడుతుంది. అందుకే ముదురు భాగం ఒక్కసారిగా ఆగిపోయే హార్డ్ ఎడ్జ్ కాకుండా, మెల్లగా పలచబడే సాఫ్ట్ ఎడ్జ్ తీసుకోమంటున్నాను. లెన్స్‌కు బిగించే గుండ్రటి గ్రాడ్ కూడా వద్దు. దాంట్లో మార్పు గీత ఫ్రేమ్ మధ్యలోనే ఉండిపోతుంది. హోల్డర్‌లో పైకీ కిందకీ జరుపుకునే పలక రకమే మేలు.

ఇక పోలరైజర్. ఇది చాలా మంచి ఫిల్టర్, నాకు ఇష్టం కూడా. కానీ ప్రతిబింబం ఫోటో తీయడానికి వెళ్లి ప్రతిబింబాన్నే చెరిపేసే ఫిల్టర్ పెడుతున్నామని గుర్తుంచుకోవాలి. నీటి ఉపరితలానికి దాదాపు 37 డిగ్రీల కోణంలో చూసినప్పుడు దీని ప్రభావం గరిష్ఠం. అంటే మీ కాళ్ల దగ్గరి నీళ్లలో మెరుపు పోయి అడుగున రాళ్లు కనిపిస్తాయి. దూరంగా అవతలి ఒడ్డు ప్రతిబింబం మాత్రం పెద్దగా మారదు, అక్కడ చూపు నీటిని దాదాపు రాసుకుంటూ వెళ్తుంది కాబట్టి. ముందు రాళ్లు, వెనక కొండ ప్రతిబింబం, రెండూ ఒకే ఫ్రేమ్‌లో కావాలంటే దీనికి సాటి లేదు. ఫిల్టర్‌ను ఆ మెరుపు పోయిన స్థానం నుంచి 90 డిగ్రీలు తిప్పితే ఉల్టా జరుగుతుంది, దగ్గరి ప్రతిబింబం ఇంకాస్త గట్టిపడుతుంది. ఈ రెండోది చాలామంది వాడనే వాడరు. వాడి చూడండి, నిజంగా తేడా తెలుస్తుంది.

ఆకాశం విషయంలో మాత్రం దీని మీద ఆశ పెట్టుకోకండి. సూర్యుడి వైపే కెమెరా తిప్పినప్పుడు నీలం ముదరదు. పక్కకు, 90 డిగ్రీల దిశలో తిప్పినప్పుడే పని చేస్తుంది. అక్కడ కూడా వైడ్ లెన్స్ పెడితే ఆకాశంలో ఒకచోట నల్లటి మచ్చలా వస్తుంది. పైగా ఒకటిన్నర నుంచి రెండు స్టాపుల వెలుగు తినేస్తుంది. సెకనులో నాలుగో వంతు ఉన్న షట్టర్ ఒక సెకనుకు చేరిందంటే, చిన్న అల వచ్చినా ప్రతిబింబం అలుక్కుపోతుంది.

బ్రాకెటింగ్ చేసి, అంటే ఒకే దృశ్యాన్ని వేర్వేరు వెలుగుల్లో తీసి, తర్వాత కలిపేస్తే గ్రాడ్ ఎందుకు అంటారా? నీళ్లు కదలనప్పుడు హాయిగా చేసుకోవచ్చు. పొగమంచు కదులుతుంటే మాత్రం ఒక ఫ్రేమ్‌కు ఇంకో ఫ్రేమ్ కలవదు, ఎడిటింగ్‌లో టెన్షన్ తప్పదు.

ఫిల్టర్‌తో సంబంధం లేని మాట ఒకటి. ఫోకస్ నీటి మీద పెట్టకండి. ప్రతిబింబం చెట్టు ఉన్నంత దూరంలోనే ఫోకస్ అవుతుంది, కాబట్టి చెట్టు మీదే పెట్టండి.

కొనేటప్పుడు మీ లెన్సుల్లో పెద్దదాని సైజుకు తీసుకుని, చిన్నవాటికి పెద్ద ఫిల్టర్ బిగించడానికి స్టెప్ అప్ రింగులు వాడుకోండి. చవక గ్రాడ్‌లలో కొన్ని ఆకాశానికి గులాబీ ఛాయ తెస్తాయి. కొన్న వెంటనే తెల్ల గోడ మీద ఒక ఫోటో తీసి చూసుకోండి, తేడా ఉంటే గడువు లోపలే తిరిగి ఇచ్చేయొచ్చు.