పిల్లల గది, పిల్లల ఎత్తులో

శ్రోతలకు నమస్కారం.

ఈ మధ్య మన హైదరాబాదులో ఎవరి గృహప్రవేశానికి వెళ్లినా ఇల్లంతా తిప్పి చూపించి, చివర్లో ఒక తలుపు తీసి, "ఇది పిల్లల గదండీ" అంటారు. ఆ మాట అనేటప్పుడు వాళ్ల మొహం వెలిగిపోతుంది. మన చిన్నతనంలో పిల్లలకంటూ వేరే గది ఎక్కడిది? హాల్లో వరసగా పక్కలు వేసుకుని పడుకున్నవాళ్లమే చాలామందిమి. మన పిల్లలకైనా ఒక మంచి గది ఉండాలన్న ఆశ నాకు చాలా ఇష్టం. అందుకే ఇవాళ ఆ గది గురించే చెప్పాలని వచ్చాను.

మా తమ్ముడు వాళ్లు మల్కాజ్‌గిరిలో ఉంటారు. వాళ్లకు ఐదేళ్ల పాప. సొంత ఫ్లాటులోకి మారినప్పుడు ఆ పాప గదిని ఎంత ముచ్చటగా చేశారో! గోడలకు లేత గులాబీ రంగు, మంచం తలవైపు పైన రాకుమారి స్టిక్కర్లు, ఫాల్స్ సీలింగులో నక్షత్రాల్లాంటి చిన్న చిన్న లైట్లు. మా మరదలు నెల రోజులు తిరిగి ఒక్కొక్కటే ఏరుకొచ్చింది. తీరా చూస్తే పిల్ల ఆ గదిలో ఉండదు. రాత్రయితే దిండు ఈడ్చుకుంటూ వచ్చి అమ్మానాన్నల మధ్య దూరిపోతుంది. "ఇంత చేశాం వదినా, దీనికి నచ్చలేదేమో" అని మా మరదలికి ఒకటే టెన్షన్.

ఒక ఆదివారం నేను వెళ్లాను. ఆ గదిలోనే కింద కూర్చుని పాపతో గచ్చకాయలు ఆడుతున్నాను. ఒక గచ్చకాయ మంచం కిందికి దొర్లింది. వంగి, అది తీసి, అలాగే నేల మీద కూర్చుని తల ఎత్తి చూశాను.

ఏం కనిపించిందో చెప్పనా? మంచం పక్క చెక్క. బీరువా కింది తలుపు. ప్లగ్ పాయింటు. కర్టెను అంచు. అంతే! రాకుమారి ఎక్కడో పైనుంది. అందమంతా ఐదడుగుల ఎత్తున, గుమ్మంలో నిలబడి చూసే పెద్దవాళ్ల కంటికి ఎదురుగా ఉంది. పిల్ల కంటికి ఎదురుగా ఉన్నది బీరువా తలుపు.

"నీ గదిలో నీకు ఏది ఇష్టం అమ్మా?" అని అడిగాను. నా చెయ్యి పట్టుకుని తలుపు వెనక్కి తీసుకెళ్లింది. అక్కడ, గోడకు చాలా కిందగా, పెన్సిల్‌తో గీసిన ఒక పిల్లి. మీసాలు మాత్రం చాలా పెద్దవి. "అమ్మకి చెప్పకత్తా, కొత్త రంగు పాడయిందని తిడుతుంది" అంది గుసగుసగా. ఆ గది మొత్తంలో దాని చేత్తో చేసుకున్నది ఆ పిల్లి ఒక్కటే. అది కూడా దాచుకోవాల్సి వచ్చింది. నాకు మనసు చివుక్కుమంది.

మా తమ్ముణ్ణి పిలిచి టేపు తెమ్మన్నాను. పాపను గోడకు ఆనించి నిలబెట్టి నేల నుంచి కంటి వరకు కొలిచాం. మూడడుగుల రెండు అంగుళాలు. గోడ మీద అక్కడ చిన్న గీత పెట్టాం. ఆ గీత దగ్గర ఈ చివర నుంచి ఆ చివరకు బిగుతుగా ఒక పురికొస కట్టి, బట్టల క్లిప్పులు పెట్టాం. బొమ్మ గీసి తనే తగిలించుకుంటుంది, తనే తీసేస్తుంది. తలుపు వెనక పిల్లి చుట్టూ ఉన్న గోడకు, నేల నుంచి మూడున్నర అడుగుల వరకు బ్లాక్‌బోర్డు రంగు వేయించాం. పిల్లిని మాత్రం చెరపనివ్వలేదు. తర్వాతి వారం మా తమ్ముడు శిల్పారామం వెళ్లి రెండు చేర్యాల మాస్కులు తెచ్చాడు. సిద్దిపేట జిల్లా చేర్యాల కళాకారులు రంపపు పొట్టులో చింతగింజల జిగురు కలిపి చేస్తారు వాటిని. ఆ ఎర్రని మొహాలు, ఆ పెద్ద పెద్ద కళ్లు! వాటినీ ఆ గీత దగ్గరే తగిలించాం. పాప రోజూ వాటి బుగ్గలు నిమిరి, గుడ్ నైట్ చెప్పి పడుకుంటోంది. అవును, తన గదిలోనే.

ఈ ఆలోచన కొత్తదేం కాదు. ఇటలీ విద్యావేత్త మరియా మాంటిస్సోరి 1907లో రోమ్ నగరంలో తన మొదటి బడి తెరిచినప్పుడే కుర్చీలు, బల్లలు పిల్లల కొలతకు చేయించారు. ఆవిడే 1939లో మన పక్కనున్న మద్రాసుకు వచ్చి టీచర్లకు శిక్షణ ఇచ్చారు. బడిలో ఒప్పుకున్న సంగతి ఇంట్లో ఎందుకు మర్చిపోతామో!

అందుకని నేను అడిగేది ఒక్కటే. రంగు కొనక ముందు, స్టిక్కరు కొనక ముందు, ఆ గదిలో నేల మీద ఒక పావుగంట కూర్చోండి. కూర్చుంటే అందం ఒక్కటే కాదు, ప్రమాదం కూడా కనిపిస్తుంది. సొరుగులు లాగి మెట్లలా ఎక్కితే మీదికి ఒరిగిపోయే బీరువా కనిపిస్తుంది. దాన్ని క్లాంపుతో గోడకు బిగించండి, ఇది మాత్రం వాయిదా వేయకండి. కిటికీ కింద మంచం ఉంటే జరపండి. పిల్లల చేతులు, ఒక్కోసారి నాలుకలు కూడా తగిలేది కింది గోడకే. ఇళ్లకు వేసే రంగుల్లో సీసం 90 పీపీఎం, అంటే పది లక్షల పాళ్లలో 90 పాళ్లు, దాటకూడదని 2017 నవంబరు 1 నుంచి మన దేశంలో నిబంధన ఉంది. ఆ మాట డబ్బా మీద రాసి ఉందో లేదో చూసి కొనండి. సీసం పిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. పాత రంగు గీకించే రోజుల్లో పిల్లల్ని అమ్మమ్మగారింటికి పంపేయండి.

అద్దె ఇల్లు, మేకు కొడితే ఓనరు ఒప్పుకోరు అంటారా? కిటికీ ఊచకు తాడు ఒక కొస, బిగించిన బీరువా హ్యాండిలుకు ఇంకో కొస కట్టండి, చాలు. పాకే పసిపిల్లలున్న ఇంట్లో మాత్రం తాడు వద్దు, మెడకు చుట్టుకోవచ్చు. వాళ్లకు బొమ్మల్ని గోడకు టేపుతో అంటించండి.

తాడు కట్టేటప్పుడు ముడి తేలిగ్గా విప్పుకునేలా వేయండి. ఈ వయసు పిల్లలు ఏడాదికి రెండు అంగుళాల పైనే ఎదుగుతారు కాబట్టి, అప్పుడప్పుడు పైకి జరపాలి. మా మేనకోడలి గదిలో ఇప్పటికి ఒకసారి జరిపాం. పాత గీత అలాగే ఉంచమంది, దాని పక్కన ఇంకో పిల్లిని గీసింది. ఈసారి అమ్మ చూస్తుండగానే.

నమస్కారం.