ఆర్సేన్ వెంగర్ అమ్మకాల చిట్టా

నమస్కారం. లండన్ ఫుట్‌బాల్ క్లబ్బు ఆర్సెనల్ మేనేజర్‌గా ఆర్సేన్ వెంగర్ దాదాపు ఇరవై రెండేళ్ల పాటు చేసిన కొనుగోళ్ల మాట ఎత్తగానే అభిమానులందరూ ఒకే పేర్ల వరుసను వల్లె వేస్తారు: వియెరా, అనెల్కా, హెన్రీ, కోలో టూరే, ఫాబ్రెగాస్, వాన్ పెర్సీ. చవకగా కొని మేటి ఆటగాళ్లుగా తీర్చిదిద్దారని ఆ వరుస చెబుతుంది. అందులో అబద్ధమేమీ లేదు. అయితే ఆయన అంచనా ఎక్కడ పదునుగా ఉండేదో, ఎప్పటి నుంచి మొద్దుబారిందో తెలియాలంటే కొన్నవారి పేర్లు చాలవు. ఎవరిని, ఏ వయసులో, కాంట్రాక్టు ఇంకా ఎన్నేళ్లు ఉండగా, ఎంతకు వదులుకున్నారన్నది చూడాలి. ఈ వీడియోలో ముఖ్యంగా ఆ అమ్మకాల చిట్టాను విప్పుతాను.

ఐపీఎల్ వేలానికి అలవాటు పడిన మనం ముందుగా ఒక తేడాను గుర్తుంచుకోవాలి. ఐపీఎల్ వేలంలో పలికిన ధర ఆటగాడికి జీతంగా వెళుతుంది. ఫుట్‌బాల్‌లో ట్రాన్స్‌ఫర్ ఫీజు ఆటగాడి పాత క్లబ్బుకు చేరుతుంది, అతని జీతం లెక్క వేరు. 1995 డిసెంబరులో ఐరోపా న్యాయస్థానం బోస్మన్ కేసులో ఇచ్చిన తీర్పు తరువాత, కాంట్రాక్టు గడువు ముగిసిన ఆటగాడు పాత క్లబ్బుకు ఒక్క పైసా కూడా దక్కకుండా కొత్త క్లబ్బుకు వెళ్లిపోవచ్చు. అందువల్ల ఎంత గొప్ప ఆటగాడైనా కాంట్రాక్టులో చివరి ఏడాది మొదలయ్యేసరికి అతని ధర సగానికి పడిపోవడం, బేరంలో పైచేయి అతనిదే కావడం ఈ వ్యాపారంలో మామూలు విషయం. ఈ ఒక్క సంగతి తెలిస్తే వెంగర్ కథలోని మొదటి సగమూ రెండవ సగమూ ఎందుకంత భిన్నంగా ఉన్నాయో సులువుగా అర్థమవుతుంది.

స్ట్రాస్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో అర్థశాస్త్రం చదివి, మొనాకో జట్టుకు 1988లో ఫ్రెంచ్ లీగ్ టైటిల్ సాధించి పెట్టి, జపాన్‌లో నగోయా గ్రాంపస్ జట్టును నడిపిన వెంగర్ 1996 అక్టోబరులో లండన్‌లో అడుగుపెట్టేనాటికి ఇంగ్లండ్‌లో ఆయన పేరు విన్నవారే తక్కువ. ఆయన రాకముందే ఆయన సిఫారసుపై ఏసీ మిలాన్ నుంచి ఇరవై ఏళ్ల పాత్రిక్ వియెరాను సుమారు 35 లక్షల పౌండ్లకు ఆర్సెనల్ కొన్నది. ఇంగ్లిష్ క్లబ్బులు ఫ్రాన్స్ వైపు పెద్దగా తొంగిచూడని ఆ రోజుల్లో, అక్కడి కుర్రవాళ్లలో ఎవరిలో ఎంత సత్తువ ఉందో, ఎవరు ఏ క్లబ్బులో అసంతృప్తిగా ఉన్నారో ఆయనకు తెలుసు. మోకాలి గాయం తరువాత ఓవర్‌మార్స్ మునుపటిలా పరుగెత్తగలడా అని ఇతరులు సందేహిస్తున్నప్పుడు 1997లో అయాక్స్ నుంచి అతన్ని తెచ్చుకోవడం, యువెంటస్‌లో మైదానం అంచున ఆడే వింగర్‌గా ఇమడలేకపోయిన థియెరీ హెన్రీని 1999లో కొని మధ్యలో స్ట్రైకర్‌గా నిలబెట్టడం, ఐవరీ కోస్ట్ క్లబ్బు నుంచి కోలో టూరేను ఒక ఖరీదైన కారు ధరకు మించని సొమ్ముతో తీసుకొచ్చి డిఫెండర్‌గా మార్చడం ఆ పరిజ్ఞానం నుంచి పుట్టినవే. హెన్రీకి మొనాకోలో మొదటి అవకాశం ఇచ్చినది కూడా వెంగరేనని గుర్తుంచుకుంటే, అది జూదం కాదని తెలుస్తుంది.

ఇక అమ్మకాలకు వద్దాం. 1997లో పారిస్ సాంజెర్మాన్ నుంచి పదిహేడేళ్ల అనెల్కాను సుమారు 5 లక్షల పౌండ్లకు తెచ్చి, రెండున్నరేళ్ల తరువాత రియల్ మాడ్రిడ్‌కు సుమారు 2.2 కోట్ల పౌండ్లకు అమ్మారు. ఆ సొమ్ములో దాదాపు సగంతో హెన్రీ వచ్చాడు, మిగిలినది లండన్ కోల్నీలో కొత్త శిక్షణ కేంద్రానికి ఉపయోగపడింది. ఆ మరుసటి వేసవిలో, అంటే 2000లో, ఓవర్‌మార్స్‌ను, పెటీని కలిపి బార్సిలోనాకు 3 కోట్ల పౌండ్లకు పైగా ధరకు ఇచ్చారు. పెటీ అక్కడ ఒక్క ఏడాదే ఉన్నాడు. ఓవర్‌మార్స్ మోకాలు మళ్లీ మొరాయించి 2004లో ఆటకు వీడ్కోలు చెప్పాడు. వెళ్లినవారి లోటు కనిపించనంత త్వరగా పిరెస్, లుంబెర్గ్ ఆ స్థానాలలో కుదురుకున్నారు. 2005లో మాంచెస్టర్ యునైటెడ్‌తో ఎఫ్‌ఏ కప్ ఫైనల్‌లో గెలుపు పెనాల్టీ కొట్టిన వియెరాను, అదే ఆర్సెనల్ తరఫున అతని చివరి తన్ను అని ఎవరూ ఊహించనప్పుడు, ఇరవై తొమ్మిదేళ్ల వయసులో యువెంటస్‌కు అమ్మేశారు. అతను తరువాత కూడా ట్రోఫీలు గెలిచాడు గానీ, మైదానం మధ్యలో నిలబడి మొత్తం ఆటను శాసించిన ఆ పాత వియెరా మాత్రం ఇటలీలో కనిపించలేదు.

ముప్పై దాటిన ఆటగాళ్లకు ఒక్కో ఏడాది చొప్పునే కాంట్రాక్టు పొడిగించే నియమం కూడా ఆ కాలంలోనే ఆర్సెనల్‌లో స్థిరపడింది. రెండేళ్ల కాంట్రాక్టు కోరిన పిరెస్ 2006లో స్పెయిన్‌లోని వియ్యారియాల్‌కు వెళ్లిపోవడానికి అదొక కారణం. ఇది కఠినమైన నియమమే. అయితే కఠినంగా ఉండగలగడమే అప్పటి వెంగర్ బలం. తనకు ఇష్టమైన ఆటగాడినైనా ఇతరులు ఎక్కువ విలువ కడుతున్న క్షణంలో వదులుకోగలిగారు. 2003-04లో 38 లీగ్ మ్యాచ్‌లలో 26 గెలిచి, 12 డ్రా చేసుకుని, ఒక్కటి కూడా ఓడని జట్టును నిర్మించడానికి అయిన నికర ఖర్చు ఆశ్చర్యపోయేంత తక్కువ కావడానికి చవకైన కొనుగోళ్లు ఎంత కారణమో, సమయమెరిగిన ఈ అమ్మకాలూ అంతే కారణం.

ఆ కాలంలో తప్పులు జరగలేదని అనుకోకండి. 2001లో ఎవర్టన్ నుంచి 80 లక్షల పౌండ్లకు పైగా పెట్టి తెచ్చిన ఫ్రాన్సిస్ జెఫర్స్ పూర్తిగా విఫలమయ్యాడు. అదే వేసవిలో వచ్చిన గోల్‌కీపర్ రిచర్డ్ రైట్ ఒక్క సీజనుకే వెళ్లిపోయాడు. గోల్‌కీపర్ల విషయంలో వెంగర్ చూపు మొదటి నుంచి నిలకడగా లేదని నేను అనుకుంటాను. లేమన్ తరువాత, 2015లో పీటర్ చెక్ వచ్చేదాకా, ఆ స్థానంలో ఏటా ఏదో ఒక ప్రశ్న మిగిలే ఉండేది. అయినా అదే 2001లో టాటెన్‌హామ్ కెప్టెన్ సోల్ క్యాంప్‌బెల్ కాంట్రాక్టు ముగిసినందున ఉచితంగా ఆర్సెనల్‌కు వచ్చాడు. అంటే బోస్మన్ తీర్పును ప్రత్యర్థిపై ఎలా ప్రయోగించాలో వెంగర్‌కు, అప్పటి వైస్ ఛైర్మన్ డేవిడ్ డీన్‌కు బాగా తెలుసు. ఆ ఆయుధమే తమ మీదికి తిరిగినప్పుడు వాళ్లు ఎందుకు సిద్ధంగా లేరన్నది నన్ను ఎప్పుడూ ఆశ్చర్యపరిచే విషయం.

2006లో ఆర్సెనల్ ముప్పై ఎనిమిది వేల మంది పట్టే హైబరీని వదిలి అరవై వేల మంది పట్టే ఎమిరేట్స్ స్టేడియానికి మారింది. ఖర్చు సుమారు 39 కోట్ల పౌండ్లు. ఆ అప్పు తీర్చాలంటే ఐరోపా మేటి క్లబ్బుల టోర్నీ అయిన చాంపియన్స్ లీగ్‌లో ఏటా ఆడాలి, ఏటా ఎవరినో ఒకరిని అమ్మాలి. సరిగ్గా ఆ అప్పు చేస్తున్న కాలంలోనే, 2003లో రష్యా కుబేరుడు అబ్రమోవిచ్ చెల్సీని, 2008లో అబుదాబి యజమానులు మాంచెస్టర్ సిటీని కొన్నారు. వెంగర్‌ను విమర్శించే ముందు ఈ సంగతి చెప్పి తీరాలి, ఎందుకంటే అంత భారంతో కూడా ఆయన 1998 నుంచి 2017 వరకు వరుసగా 19 సీజన్లు జట్టును చాంపియన్స్ లీగ్‌లో నిలిపారు. ఆ పని చేయగల మేనేజర్లు అప్పట్లో ఎందరు ఉన్నారో వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు.

అయితే అప్పు వల్ల అమ్మవలసి రావడం వేరు, అమ్మే సమయం చేయి దాటిపోవడం వేరు. 2006లో ఆష్లీ కోల్ జీతం విషయంలో మనసు విరిగి చెల్సీకి వెళ్లాడు. 2008లో ఫ్లామినీ కాంట్రాక్టు ముగించుకుని ఉచితంగా మిలాన్‌కు వెళ్లాడు. 2011 వేసవిలో ఫాబ్రెగాస్ బార్సిలోనాకు, కాంట్రాక్టులో ఒక్క ఏడాదే మిగిలి ఉన్న సమీర్ నస్రీ మాంచెస్టర్ సిటీకి వెళ్లిపోయారు. నస్రీ వెళ్లిన కొద్ది రోజులకే, ఆగస్టు 28న, మాంచెస్టర్ యునైటెడ్ మైదానం ఓల్డ్ ట్రాఫర్డ్‌లో ఆర్సెనల్ 8-2 తేడాతో ఓడింది. ఆ తరువాత ఆటగాళ్ల కొనుగోళ్లకు అనుమతి ఉండే గడువు, అంటే విండో, మూసుకునే లోపు మెర్టెసాకర్, ఆర్టెటా, ఆండ్రే సాంటోస్, పార్క్ చు-యంగ్, బెనయూన్ హడావుడిగా వచ్చి చేరారు. వీరిలో మెర్టెసాకర్, ఆర్టెటా చక్కగా ఉపయోగపడ్డారన్నది నిజమే. కానీ ఫాబ్రెగాస్ వెళ్లాలని కోరుకుంటున్నాడని అంతకు ముందు ఏడాది నుంచే లోకమంతటికీ తెలుసు. ఆ స్థానాన్ని నింపే పని ఆగస్టు చివరి గంటల దాకా ఎందుకు ఆగిందన్న ప్రశ్నకు స్టేడియం అప్పు జవాబు కాదు.

2012లో వాన్ పెర్సీ వ్యవహారం దీనికి పరాకాష్ఠ. ముందు సీజనులో లీగ్‌లో 30 గోల్స్ చేసి, కాంట్రాక్టులో చివరి ఏడాదికి చేరిన కెప్టెన్ తాను కొత్త కాంట్రాక్టుపై సంతకం చేయనని బహిరంగంగా ప్రకటించాడు. 2.4 కోట్ల పౌండ్లకు అతన్ని కొన్నది మరెవరో కాదు, మాంచెస్టర్ యునైటెడ్. ఇరవై తొమ్మిదేళ్ల ఆటగాడికి, ఒక్క ఏడాది గడువు మీద, అది మంచి ధరే కదా అని ఆ రోజు వాదించినవారు ఉన్నారు. పద్దు పుస్తకంలో అది మంచి ధరే. కానీ అతను 26 గోల్స్ కొట్టి యునైటెడ్‌కు టైటిల్ తెచ్చిపెట్టాడు, 2013 ఏప్రిల్‌లో ఆ జట్టు చాంపియన్లుగా ఎమిరేట్స్‌కు వచ్చినప్పుడు ఆర్సెనల్ ఆటగాళ్లు సంప్రదాయం ప్రకారం రెండు వరుసలలో నిలబడి చప్పట్లు కొట్టి వారికి స్వాగతం పలకవలసి వచ్చింది. వియెరాను అమ్మినప్పుడు వెంగర్ తన అంచనా ప్రకారం అమ్మారు. వాన్ పెర్సీని ఆటగాడి నిర్ణయం ప్రకారం అమ్మారు. వయసు దాదాపు ఒకటే అయినా ఆ రెండు అమ్మకాలను ఒకే గాటన కట్టలేము.

కొనే చోట కూడా ఇదే కాలంలో మార్పు వచ్చింది. ఒకప్పుడు ఇతరులకు తెలియనిది తనకు తెలియడం వల్ల తక్కువ ధరకు కొన్నారు. 2010 నాటికి ఆ రహస్యం ఎవరికీ రహస్యం కాదు, ఆటగాళ్లను వెతికే అన్ని క్లబ్బుల స్కౌట్లూ ఫ్రాన్స్‌లోనే ఉన్నారు. జ్ఞానం వల్ల వచ్చిన లాభం తగ్గిపోయినా, ధర మీద పట్టుదల మాత్రం తగ్గలేదు. 2013 జూలైలో స్ట్రైకర్ సువారెజ్ కోసం లివర్‌పూల్‌కు ఆర్సెనల్ 4 కోట్ల పౌండ్లు, దాని మీద ఇంకొక్క పౌండు ఇస్తామని కబురు పెట్టింది. 4 కోట్లకు పైబడిన ధర వస్తే అతన్ని వదిలేయాలన్నట్టు అతని కాంట్రాక్టులో ఒక నిబంధన ఉందని విని, ఆ గీతను ఒక్క పౌండుతో దాటుదామనుకున్నారు. ఎమిరేట్స్‌లో వాళ్లు ఏం పొగ తాగుతున్నారో అని లివర్‌పూల్ యజమాని ట్విట్టర్‌లో ఎద్దేవా చేశారు, సువారెజ్ కదలలేదు, ఆ సీజనులో 31 లీగ్ గోల్స్ కొట్టాడు. నిజంగా కావాలనుకుంటే ఇంకో అరకోటి పెట్టి బేరానికి కూర్చోవలసినది. ఒక్క పౌండు ఎక్కువ పెట్టడం చట్టం చదివిన తెలివితేటలు కావచ్చు గానీ, అవతలి వాడి అహాన్ని చదివిన తెలివితేటలు మాత్రం కావు. ఆ వేసవి చివరి రోజున రియల్ మాడ్రిడ్ నుంచి ఓజిల్‌ను 4.25 కోట్లకు కొనడంతో అభిమానులు శాంతించారు. అప్పటికి కూడా జట్టుకు అత్యవసరంగా కావలసినది మాత్రం స్ట్రైకరే.

2015 వేసవి గురించి ఇంకొంచెం ఆగి మాట్లాడాలి. ఆ విండోలో ఆర్సెనల్ గోల్‌కీపర్ చెక్‌ను తప్ప సీనియర్ జట్టు కోసం ఇంకెవరినీ కొనలేదు. ఆ సీజనులో చెల్సీ కుప్పకూలింది, సిటీ, యునైటెడ్ తడబడ్డాయి. టైటిల్ ఎవరికైనా అందేలా ఉన్న ఆ ఏడాది లెస్టర్ సిటీ గెలిచింది, ఆర్సెనల్ పది పాయింట్ల వెనుక రెండవ స్థానంలో నిలిచింది. లెస్టర్ ఆ సీజనంతటిలో ఓడినవి మూడే లీగ్ మ్యాచ్‌లు, వాటిలో రెండు ఆర్సెనల్ చేతిలోనే. ఇక లెస్టర్ విజయానికి మూలమైన ఇద్దరు ఆటగాళ్లు ఎక్కడి నుంచి వచ్చారు? కాంటే కాన్ నుంచి, మహ్రెజ్ ల హావ్ర నుంచి, రెండూ ఫ్రెంచ్ క్లబ్బులే. మహ్రెజ్ ధర కొన్ని లక్షల పౌండ్లు మాత్రమే. 1997లో అయితే ఆ ఇద్దరినీ కనిపెట్టేవాడు వెంగరేనని ఎవరైనా చెప్పేవారు.

చివరి అంకంలో పాత జబ్బే ముదిరింది. 2017 వేసవికి అలెక్సిస్ సాంచెజ్, ఓజిల్ ఇద్దరూ కాంట్రాక్టు చివరి ఏడాదిలో ఉన్నారు. సాంచెజ్‌ను సుమారు 6 కోట్ల పౌండ్లకు సిటీకి ఇవ్వడానికి ఆగస్టు చివరి రోజున సిద్ధపడి, బదులుగా మొనాకో నుంచి లెమార్ రాకపోవడంతో ఆగిపోయారు. 2018 జనవరిలో అతను యునైటెడ్‌కు వెళ్లినప్పుడు ఆర్సెనల్‌కు డబ్బు రాలేదు, మారకంగా మ్ఖితార్యాన్ వచ్చాడు. ఓజిల్‌ను నిలుపుకోవడానికి అంతకు ముందు క్లబ్బు ఎవరికీ ఇవ్వనంత జీతం ఇవ్వవలసి వచ్చింది. కొన్ని నెలల ముందే అమ్మి ఉంటే ఎంత వచ్చేదో, నిలుపుకోవాలనుకుంటే రెండేళ్ల ముందే ఎంతకు కుదిరేదో ఊహించుకోండి.

కాంట్రాక్టులు చూడవలసినది సీఈఓ కదా, మేనేజర్‌ను తప్పుపట్టడం ఎందుకని కొందరు అడుగుతారు. మరే క్లబ్బులోనైనా నేను ఒప్పుకునేవాడిని. 2007లో డీన్ వెళ్లిపోయిన తరువాత ఆర్సెనల్‌లో ఎవరికి ఎంత విలువ కట్టాలో చెప్పే అధికారం వెంగర్‌కు ఉన్నంతగా ఇంకెవరికీ లేదు, ఆ అధికారాన్ని పంచుకోవాలన్న ఆసక్తి ఆయనా చూపలేదు. ఆటగాళ్ల ఎంపికకు 2017 చివరలో డార్ట్‌మండ్ నుంచి స్వెన్ మిస్లింటాట్‌ను, బేరసారాలకు 2018 మొదట్లో బార్సిలోనా నుంచి రౌల్ సాన్‌యెహీని క్లబ్బు తెచ్చుకోవడంతో, ఆయన వెళ్లకముందే ఆయన పని ముక్కలైంది. అయితే ఆయనను విమర్శించేవారు దీన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి: మే 2018లో వెంగర్ వెళ్లిపోయాక, ఆయన తరువాతి వారి చేతిలోనే రామ్‌సే 2019లో ఉచితంగా యువెంటస్‌కు వెళ్లాడు, ఓజిల్ 2021లోనూ, ఒబమెయాంగ్ 2022లోనూ కాంట్రాక్టు మధ్యలోనే రద్దు చేసుకుని, ఫీజు ఏమీ రాకుండానే క్లబ్బును వీడారు.