యాక్సెస్ ఇచ్చిన మరుక్షణం: ఆన్‌లైన్ కోర్సుల్లో ఆన్‌బోర్డింగ్ ఆటోమేషన్

సభకు నమస్కారం.

ఆన్‌లైన్ కోర్సు కొన్న మనిషి డబ్బు కట్టిన క్షణానికీ, మొదటి పాఠం తెరిచే క్షణానికీ మధ్య ఉన్న దూరం గురించి ఈ రోజు మాట్లాడదలచుకున్నాను. మన వృత్తిలో దీన్నే ఆన్‌బోర్డింగ్ అంటున్నాం. పాఠాల తయారీకి నెలల తరబడి శ్రమపడే సంస్థలు కూడా ఈ కాస్త దూరాన్ని ఎవరో ఒక ఉద్యోగికి అప్పజెప్పి ఊరుకుంటాయి; ఆ ఉద్యోగి రోజూ ఉదయం చెల్లింపుల జాబితా తెరిచి, ఒక్కొక్కరినీ కోర్సులో చేర్చి, పాత స్వాగత లేఖలో పేరు మార్చి పంపుతుంటారు. రోజుకు పదిమంది చేరినంతకాలం బండి నడుస్తుంది. కానీ రాత్రి పదకొండింటికి కొన్నవారు తెల్లవారేదాకా ఎదురుచూడాలి, నేర్చుకోవాలన్న ఉత్సాహమేమో డబ్బు కట్టిన ఆ గంటలో ఉన్నంతగా మర్నాటికి ఉండదు.

అందుకని ఆటోమేషన్‌కు పూనుకుంటాం. ఇక్కడే చాలామంది పొరబడతారు, నేనూ పొరబడ్డాను. డబ్బు వసూలు చేసిపెట్టే పేమెంట్ గేట్‌వే నుంచి చెల్లింపు పూర్తయిందన్న వెబ్‌హుక్, అంటే ఆ సేవ మన సర్వరుకు తనంతట తానే పంపే కబురు, అందగానే స్వాగత లేఖ వెళ్లేట్టు మొదట ఏర్పాటు చేశాను. లేఖ రెండు సెకన్లలో వెళ్లేది, కోర్సు వేదికలో పేరు నమోదు కావడానికి మాత్రం ఒక్కోసారి ఐదారు నిమిషాలు పట్టేది. దాంతో లేఖ అందీ అందగానే లింకు నొక్కినవారికి "ఈ పేజీ చూసేందుకు మీకు అనుమతి లేదు" అన్న వాక్యం ఎదురైంది; తీరిగ్గా సాయంత్రం నొక్కినవారికి అంతా సవ్యంగా తెరుచుకుంది. అందరికన్నా ఆత్రంగా వచ్చినవారినే గుమ్మం దగ్గర నిలబెట్టానన్నమాట.

అప్పటినుంచి ఒక నియమం పెట్టుకున్నాను. ఆన్‌బోర్డింగ్‌ను చెల్లింపుతో ముడిపెట్టకూడదు, యాక్సెస్ మంజూరు కావడంతోనే ముడిపెట్టాలి. చెల్లింపు లేకుండానే యాక్సెస్ ఇచ్చే సందర్భాలు మనం అనుకునేదానికన్నా ఎక్కువ: ఉపకార వేతనం కింద చేరినవారు, బహుమతిగా అందుకున్నవారు, ఏదో పొరపాటు జరిగితే సహాయ విభాగం చేతితో చేర్చినవారు. ఒక సంస్థ తన ఉద్యోగులు నలభైమందికి ఒకేసారి కొన్నప్పుడు చెల్లింపు ఒకటే, స్వాగతం చెప్పవలసింది నలభైమందికి. ఏ దారిన వచ్చినా చివరికి డేటాబేసులో "ఫలానా వ్యక్తికి ఫలానా కోర్సు" అన్న ఒక వరుస చేరుతుంది. ఆ వరుస చేరడాన్నే సంకేతంగా తీసుకుంటే, రేపు కొత్తగా ఇంకో దారి తెరిచినా లేఖలు పంపే భాగాన్ని మళ్లీ ముట్టుకోనక్కర్లేదు.

వెబ్‌హుక్‌ల స్వభావం గురించి కూడా కొంత చెప్పాలి. మన సర్వరు సకాలంలో జవాబివ్వకపోతే గేట్‌వే అదే సమాచారాన్ని మళ్లీ మళ్లీ పంపుతుంది. స్ట్రైప్ వంటి సేవలు మూడు రోజుల దాకా ప్రయత్నిస్తూనే ఉంటాయి. అది మంచిదే, కాకపోతే ఒకే కబురు రెండుసార్లు అందవచ్చునని ముందే ఒప్పుకుని ప్రోగ్రాము రాసుకోవాలి. ప్రతి సంఘటనకూ గేట్‌వే ఇచ్చే గుర్తింపు సంఖ్యను భద్రపరచి, అదే సంఖ్య మళ్లీ వస్తే పని చేయకుండా "అందింది" అని మాత్రం జవాబివ్వాలి. లేదంటే ఒకే మనిషికి మూడు స్వాగత లేఖలు వెళతాయి. కబురు నిజంగా గేట్‌వే నుంచే వచ్చిందా అన్నది దాని డిజిటల్ సంతకంతో సరిచూడడం మరవకూడదు; ఈ ఒక్క తనిఖీ వదిలేస్తే ఆ వెబ్ చిరునామా తెలిసిన ఎవరైనా ఉచితంగా యాక్సెస్ పుట్టించుకోగలరు.

ఇక ఈమెయిల్ చిరునామా. ఫోను కీబోర్డు ఒక్కోసారి మొదటి అక్షరాన్ని తనంతట తానే పెద్ద అక్షరం చేస్తుంది, చివర ఒక ఖాళీని కూడా చేరుస్తుంది. పైకి ఒకేలా ఉన్న పాత, కొత్త చిరునామాలు రెండూ ప్రోగ్రాము దృష్టిలో ఇద్దరు మనుషులు, కాబట్టి పాత విద్యార్థికి రెండో ఖాతా పుడుతుంది, కొన్న కోర్సు అందులోకి పోతుంది, ఆ మనిషేమో పాత ఖాతాలో వెతుక్కుంటూ ఉంటారు. ఖాళీలు తీసేసి, అక్షరాలన్నీ చిన్నవిగా మార్చి పోల్చడం రెండు వరుసల పని. ఆ రెండు వరుసలు లేక గంటలు గంటలు ఉత్తరప్రత్యుత్తరాలు నడవడం నేను చూశాను.

పాస్‌వర్డు అడగకుండా ఒక్క నొక్కుతో లోపలికి తీసుకెళ్లే లింకులు ఇప్పుడు వాడుకలోకి వచ్చాయి, నాకూ ఇష్టమే. అయితే కొన్ని కార్యాలయాల మెయిల్ వ్యవస్థలు ప్రమాదకరమైన లింకులను పసిగట్టడానికి లేఖలోని ప్రతి లింకునూ ముందుగా తామే తెరిచి చూస్తాయి. ఒకసారికే పనిచేసే లింకు అక్కడితో ఖర్చయిపోతుంది, విద్యార్థి నొక్కేసరికి "గడువు ముగిసింది" అని కనిపిస్తుంది. లింకు తెరవగానే లాగిన్ చేయించకుండా, మధ్యలో ఒక బటన్ ఉన్న పేజీ చూపించి, బటన్ నొక్కాకే లింకు వాడినట్టు లెక్కగడితే ఈ చిక్కు చాలావరకు వదులుతుంది.

లేఖ స్పామ్‌లోకి పోతే ఇంత శ్రమా వృథాయే. 2024 ఫిబ్రవరి నుంచి జీమెయిల్ చిరునామాలకు రోజుకు 5,000కు మించి లేఖలు పంపేవారు ఎస్‌పీఎఫ్, డీకేఐఎం, డీమార్క్ అన్న, లేఖ నిజంగా ఆ పంపినవారిదేనని రుజువు చేసే మూడు ఏర్పాట్లూ అమర్చుకోవాలని గూగుల్ నియమం పెట్టింది. తక్కువ పంపేవారికీ అవి ఉండడమే క్షేమం.

మరి ఆన్‌బోర్డింగ్ ఎక్కడ ముగుస్తుంది? లేఖ వెళ్లడంతో ముగిసిందనుకునేవారికి ఒక లెక్క చెబుతాను. హార్వర్డ్, ఎంఐటీ విశ్వవిద్యాలయాలు 2012-13లో నడిపిన 17 ఆన్‌లైన్ కోర్సుల్లో మొత్తం 8,41,687 నమోదులు జరిగితే, అందులో 2,92,852 నమోదుల్లో కోర్సు లోపలి పేజీలు ఒక్కసారి కూడా తెరుచుకోలేదు. అవి ఉచిత కోర్సులు, డబ్బు కట్టినవారి తీరు వేరుగా ఉండవచ్చు. అయినా తలుపు తీసి ఉన్నంత మాత్రాన మనిషి లోపలికి వస్తాడనుకోలేమని ఆ అంకెలు చూపిస్తున్నాయి. అందుకే మొదటి పాఠం తెరవడమే ముగింపు అని నేను పెట్టుకున్నాను. స్వాగత లేఖలో ఒకే లింకు ఉండాలి, అది కోర్సు ముఖద్వారానికి కాక నేరుగా మొదటి పాఠానికే వెళ్లాలి. రెండు రోజుల్లో పాఠం తెరవకపోతే గుర్తుచేస్తూ ఒక లేఖ, వారం గడిచాక ఇంకొకటి. తెరిచిన క్షణంలో ఆ లేఖలు ఆగిపోవాలి. నాలుగు పాఠాలు పూర్తిచేసినవారికి "మీరింకా మొదలుపెట్టలేదు" అని లేఖ వెళితే అంతకన్నా అవమానం లేదు. అందుకని ప్రతి లేఖా క్యూలో పడేటప్పుడే గాక, బయటికి వెళ్లే ముందు కూడా విద్యార్థి స్థితిని మరొకసారి చూసుకోవాలి. రీఫండ్ తీసుకున్నవారి విషయమూ ఇంతే: యాక్సెస్ ఉపసంహరించగానే మిగిలిన లేఖలన్నీ రద్దు కావాలి.

ఇన్ని జాగ్రత్తలు పడ్డా కొన్ని కబుర్లు దారిలో తప్పిపోతాయి. అందుకు నేను ఒక చిన్న ప్రోగ్రామును గంటకొకసారి నడుపుతాను. అది చెల్లింపుల జాబితానూ యాక్సెస్ జాబితానూ పక్కపక్కన పెట్టి, మొదటిదానిలో ఉండి రెండోదానిలో లేని పేర్లను ఏరి సహాయ విభాగానికి పంపుతుంది. చాలా గంటలు ఆ జాబితా ఖాళీగానే వస్తుంది. ఒక పేరు కనిపించిన రోజున మాత్రం, విద్యార్థి ఫిర్యాదు రాసేలోపే మన మనిషి ఫోను అందుకుంటారు.