కుందేలు లెక్క, మంచు లెక్క

శ్రోతలందరికీ నమస్కారం.

ఉత్తర అమెరికా చలి అడవుల్లో ఒక రకం కుందేలు ఉంది. వేసవిలో మట్టిరంగులో ఉంటుంది. చలికాలం వచ్చేసరికి ఒళ్లంతా తెల్లబడుతుంది. మంచులో ముడుచుకుని కదలకుండా కూర్చుంటే, వేటాడే అడవిపిల్లి పక్కనుంచి వెళ్లినా పోల్చుకోవడం కష్టం. దాని ప్రాణానికి కాపలా ఆ తెలుపే. కానీ ఈమధ్య కొన్నిచోట్ల కుందేలు తెల్లబడ్డాక కూడా మంచు పడటం లేదు. గోధుమరంగు ఎండుటాకుల మధ్య తెల్లటి ముద్దలా అది కూర్చుని ఉంటుంది. తాను ఎంత స్పష్టంగా కనబడుతోందో దానికి తెలియదు. ఎప్పటిలాగే కదలకుండా ఉంటుంది, దొరికిపోతుంది.

ఇందులో కుందేలు పొరపాటేమీ లేదు. అది ముఖ్యంగా పగటి పొడుగును బట్టి రంగు మారుస్తుంది. పొద్దు తగ్గుతుంటే తెలుపు, పెరుగుతుంటే గోధుమ. పొద్దు లెక్క ఏమాత్రం తప్పలేదు. తప్పింది మంచు.

ఈ రెండు లెక్కలూ ఎందుకు విడిపోయాయో చెప్పుకోవాలంటే అసలు ఋతువులు ఎలా వస్తాయో చూడాలి. భూమి సూర్యుడికి దగ్గరైతే ఎండాకాలం, దూరమైతే చలికాలం అని చాలామంది అనుకుంటారు. నిజానికి భూమి సూర్యుడికి బాగా దగ్గరగా ఉండేది జనవరి మొదట్లో. అప్పుడు దూరం సుమారు 14 కోట్ల 70 లక్షల కిలోమీటర్లు. జులై మొదట్లో అది 15 కోట్ల 20 లక్షలు. అంటే ఉత్తరార్ధగోళం మంచులో వణికే రోజుల్లోనే మనం సూర్యుడికి దగ్గరగా ఉంటాం!

అసలు కారణం వంపు. భూమి తన ఇరుసు మీద 23.4 డిగ్రీలు ఒరిగి తిరుగుతుంది. రాత్రిపూట టార్చిలైటు తీసుకుని ఒక కాగితం మీద నిటారుగా వేసి చూడండి, చిన్న గుండ్రటి వెలుగు, బాగా కాంతిగా పడుతుంది. ఇప్పుడు కాగితాన్ని మెల్లగా వంచండి. వెలుగు సాగుతుంది, పలచబడుతుంది. టార్చి అదే, బ్యాటరీ అదే. అదే వెలుగు ఎక్కువ మేర పరుచుకుంది, అంతే. చలికాలపు ఎండ అలాంటిదే. దానికి తోడు పగలు చిన్నది.

ఈ వంపు కూడా స్థిరం కాదు. 41 వేల ఏళ్లకోసారి సుమారు 22.1 నుంచి 24.5 డిగ్రీల మధ్య ఊగుతుంది. ఇరుసు బొంగరంలా మెల్లగా తూగుతూ ఒక చుట్టు పూర్తిచేయడానికి దాదాపు 26 వేల ఏళ్లు పడుతుంది. కక్ష్య ఆకారం కూడా సుమారు లక్ష ఏళ్ల లయలో మారుతుంటుంది. వీటన్నిటినీ లెక్కగట్టిన సెర్బియా శాస్త్రవేత్త మిలుతిన్ మిలాంకోవిచ్ మొదటి ప్రపంచయుద్ధ కాలంలో బుడాపెస్ట్‌లో నిర్బంధంలో ఉన్నాడు. అక్కడి అకాడమీ గ్రంథాలయంలో కూర్చుని, చేత్తోనే ఆ లెక్కలు సాగించాడు.

ఆయన సిద్ధాంతంలో నాకు అన్నిటికన్నా గొప్పగా తోచే మాట ఒకటుంది. మంచుయుగాన్ని తెచ్చేది భయంకరమైన చలికాలం కాదు, చల్లటి వేసవి. ఉత్తరాన చలికాలంలో మంచు ఎలాగూ పడుతుంది. నిరుడు పడ్డది ఈ వేసవిలో కరిగిందా, మిగిలిందా అన్నదే ప్రశ్న. మిగిలితే దాని మీద కొత్తది పడుతుంది. తాజా మంచు తన మీద పడిన ఎండలో 80 శాతానికి పైగా వెనక్కి కొడుతుంది, దాంతో చలి ఇంకా పెరుగుతుంది. 20 వేల ఏళ్ల క్రితం కెనడా మీద కొన్నిచోట్ల 3 కిలోమీటర్ల మందాన మంచు పేరుకుంది ఇలాగే. అప్పుడు సముద్రమట్టం ఇప్పటికన్నా సుమారు 120 మీటర్లు కిందికి ఉండేది.

అయితే ఇవన్నీ వేల ఏళ్ల ఊగిసలాటలు. తాత చూసిన మంచు మనవడికి కనబడకపోవడానికి ఇవి కారణం కాలేవు. అగ్నిపర్వతాలూ కావు. 1815లో ఇండోనేషియాలో తంబోరా పేలితే, మరుసటి ఏడాది జూన్‌లో అమెరికా ఈశాన్య రాష్ట్రాల్లో మంచు కురిసింది. నిజమే. కానీ ఆ ప్రభావం కొన్నేళ్లలో తగ్గిపోయింది.

మిగిలింది గాలి. 1856లో యూనిస్ ఫుట్ అనే అమెరికన్ మహిళ గాజు గొట్టాల్లో వేర్వేరు వాయువులు నింపి, లోపల థర్మామీటర్లు పెట్టి ఎండలో ఉంచింది. కార్బన్ డయాక్సైడ్ ఉన్న గొట్టం మిగతావాటికన్నా ఎక్కువ వేడెక్కింది. నీడలోకి తెచ్చాక చల్లబడటానికి కూడా చాలాసేపు పట్టింది. ఆ వాయువు గాలిలో ఎక్కువైతే భూమి వేడెక్కుతుందని ఆమె అప్పుడే రాసింది. 1958లో హవాయిలోని మౌనా లోవా పర్వతం మీద కొలతలు మొదలైనప్పుడు, గాలిలో ప్రతి పది లక్షల పాళ్లకు ఆ వాయువు సుమారు 315 పాళ్లు ఉండేది. ఇప్పుడు 420 దాటింది. మనం కాల్చిన బొగ్గు, పెట్రోలు, గ్యాసే దీనికి ప్రధాన కారణం.

జపాన్‌లో సువా అనే సరస్సు ఉంది. గడ్డకట్టిన దాని నీరు చలికి పగిలి, పెద్ద చప్పుడుతో మంచు గట్టులా పైకి లేస్తుంది. దేవుడు సరస్సు దాటిన దారి అది అని అక్కడివాళ్ల నమ్మకం. 1443 నుంచి అర్చకులు ఆ వివరాలు రాసి ఉంచారు. తొలి శతాబ్దాల్లో సరస్సు గడ్డకట్టని ఏడాది అరుదు. ఈ కాలంలో గడ్డకట్టే ఏడాదే అరుదైంది. దాదాపు 600 ఏళ్ల ఆ ఓపికను తలచుకుంటే నాకు చేతులెత్తి దండం పెట్టాలనిపిస్తుంది.

"మొన్న అక్కడ నిలువెత్తు మంచు పడిందిగా, మరి వేడెక్కడమేంటి?" అని అడిగేవాళ్లున్నారు. న్యాయమైన ప్రశ్నే. గాలి ఒక్క డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ తేమ పట్టగలదు. ఆ తేమ సున్నాకి దిగువన ఉన్నచోట కురిస్తే మంచు కుప్పలుగా పడుతుంది. సున్నాకి కాస్త పైన ఉంటే వానైపోతుంది. అందుకే ఒక్కరోజున విపరీతంగా పడినా, మంచుకాలం మొత్తంగా కురచవుతోంది. ఉత్తరార్ధగోళంలో వసంతం చివర, జూన్‌లో నేలమీద ఉండే మంచు 1960ల చివరితో పోలిస్తే బాగా తగ్గిందని సాటిలైట్లు చూపిస్తున్నాయి.

కొండ మీది మంచు గట్టు కట్టని చెరువు లాంటిది. వేసవిలో కొంచెం కొంచెంగా కరిగి, అవసరమైనప్పుడే నదిలోకి నీళ్లు వదులుతుంది. అదే నీరు చలికాలంలో వానగా పడితే అప్పుడే కొట్టుకుపోతుంది. ఎండాకాలానికి నది సన్నబడుతుంది. కుందేలు కన్నా ముందు మనల్ని తాకేది ఇదే.

ఆ కుందేళ్లలో అన్నీ తెల్లబడవు. మంచు తక్కువగా పడే పసిఫిక్ తీరప్రాంతంలో కొన్ని చలికాలమంతా గోధుమరంగులోనే ఉంటాయి. ఎప్పుడో వేరే జాతి కుందేళ్లతో కలిసినప్పుడు వచ్చిన ఒక జన్యువు వల్ల అలా ఉంటున్నాయని శాస్త్రజ్ఞులు కనుగొన్నారు. ఆ జన్యువు అక్కడ స్థిరపడటానికి ఎన్నో తరాలు పట్టింది. లోపలి అడవుల్లోని తెల్ల కుందేళ్లు మాత్రం ఈ ఏడు కూడా పొద్దు తగ్గడం చూసి బొచ్చు మార్చుకుంటాయి.

సెలవు.